వల్కన్ అగ్నిపర్వతాల దేవుడేనా? గ్రీకు, రోమన్ అగ్నిదేవతల అసలు కథ

క్లుప్తంగా

హెఫాయిస్టస్ గ్రీకుల కొలిమి దేవుడు. వల్కన్ రోమన్ల దృష్టిలో ఊళ్లనూ గాదెలనూ కాల్చేసే మంటకు దేవుడు. అగ్నిపర్వతం ఈ ఇద్దరిలో ఎవరికీ మొదటి ఇల్లు కాదు. సిసిలీకి ఉత్తరాన ఉన్న ఒక చిన్న దీవి వారిద్దరినీ అగ్నిపర్వతంతో ముడివేసింది. ఆ దీవి పేరే తర్వాత యూరప్ భాషల్లో అగ్నిపర్వతానికి మాట అయింది.

సగం నిజం

2025 జూన్ 2న సిసిలీలోని ఎట్నా పర్వతం మీద ఆగ్నేయ బిలం అంచు కొంత కూలింది. మరిగే బూడిద, వాయువులు కలిసిన మేఘం వాలు మీదుగా దొర్లుకుంటూ కిందికి దిగింది. పర్యాటకులు పరుగులు తీస్తున్న దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. ఇలాంటి సంఘటన జరిగిన ప్రతిసారీ ఒక వివరణ చలామణీలోకి వస్తుంది. ఇంగ్లీషులోని ‘వల్కానో’ అన్న మాట రోమన్ల అగ్నిపర్వత దేవుడు వల్కన్ పేరు నుంచి పుట్టిందని, గ్రీకులు ఆయన్నే హెఫాయిస్టస్ అన్నారని చెబుతుంటారు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది.

మాట పుట్టుక వరకు ఇది నిజమే. కానీ దేవుడికీ ఆ మాటకూ మధ్య ఒక దీవి ఉంది. దాన్ని వదిలేస్తే కథ తలకిందులవుతుంది. రోమ్ నగరంలో వల్కన్‌కు మొక్కినవాళ్లలో చాలామంది మండే కొండను చూసి ఉండరు. వాళ్ల భయం వేరు.

చేతిలో ఉన్న నిప్పు, చేయిదాటిన నిప్పు

ఆ కాలంలో నిప్పంతా ఒకే దేవత పాలు కాదు. నిప్పు ఎక్కడుంది, ఎవరి అదుపులో ఉంది అన్నదాన్ని బట్టి దేవత మారేది. ఇంటి పొయ్యిలోని నిప్పు గ్రీకులకు హెస్టియా, రోమన్లకు వెస్టా. రోమ్‌లో వెస్టా గుడి గుండ్రంగా ఉండేది. ఆరుగురు కన్యా పూజారిణులు ఒక్కొక్కరు 30 ఏళ్లపాటు అక్కడి నిప్పును కాపాడేవాళ్లు. ఏటా మార్చి 1న దాన్ని కొత్తగా రగిలించేవాళ్లు. పొరపాటున ఆరిపోతే పొయ్యి వెలిగించడానికి పక్కింటి నిప్పు పనికిరాదు. శుభప్రదమైన చెట్టు కొయ్యను మథించి నిప్పు పుట్టించి, కంచు జల్లెడలో లోపలికి తేవాలి. అరణి తెలిసిన మనకు ఇది వింతగా అనిపించదు.

పనివాడి చేతిలోని నిప్పు హెఫాయిస్టస్‌ది. చేయిదాటిన నిప్పు వల్కన్‌ది. ఈ తేడా ఆ దేవుళ్ల గుళ్లు ఉన్న చోట్లలోనే కనిపిస్తుంది. ఏథెన్స్‌లో హెఫాయిస్టస్ గుడి నగరం నడిబొడ్డున, అగోరా అనే సంత మైదానానికి పైనున్న గుట్ట మీద ఉంది. క్రీ.పూ. 449 ప్రాంతంలో మొదలైన ఈ పాలరాతి కట్టడానికి ముందూ వెనకా ఆరేసి, పక్కల పదమూడేసి స్తంభాలు. చుట్టుపక్కల తవ్వకాల్లో లోహపు పని జరిగిన ఆనవాళ్లు దొరికాయి. లోపల హెఫాయిస్టస్ పక్కనే చేతిపనులకు దేవత అయిన ఎథీనా విగ్రహం ఉండేది. తర్వాత చర్చిగా మారినందువల్ల ఈ గుడి పైకప్పుతో సహా చాలావరకు చెక్కుచెదరకుండా నిలిచింది.

రోమ్‌లో పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వల్కన్ గుడి ప్రాకారం బయట ఉండాలని, అలా అయితే ఊళ్లోని ఇళ్లకు అగ్నిభయం తప్పుతుందని వాస్తుశిల్పి విట్రూవియస్ స్పష్టంగా రాశాడు. నగరం లోపల ఫోరం అనే ప్రధాన మైదానం పక్కన ఆయనకున్న పురాతన స్థలం ‘వోల్కనాల్’ ఆరుబయటి బలిపీఠం మాత్రమే.

ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజీల్ ఈ ఏర్పాటును వైదిక యజ్ఞశాలలోని మూడు అగ్నులతో పోల్చాడు. గుండ్రని గార్హపత్యానికి వెస్టా గుడి, దేవతలకు ఆహుతులు మోసే ఆహవనీయానికి మామూలు గుళ్లు, దక్షిణ దిక్కు నుంచి వచ్చే కీడును అడ్డుకునే దక్షిణాగ్నికి వల్కన్ సరిపోతారని ఆయన వాదన. అందరు చరిత్రకారులూ దీన్ని ఒప్పుకోలేదు. కానీ వల్కన్‌ను ఊరి అంచున ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు ఇంతకంటే పొందికైన జవాబు దొరకడం కష్టం.

ఇరవై తిత్తుల కొలిమి

హెఫాయిస్టస్ కొలిమి గురించి మనకున్న అత్యంత పాత వర్ణన హోమర్ కావ్యం ఇలియడ్ 18వ సర్గలో ఉంది. అక్కడ ఆయన కొలిమి ఏ కొండ కడుపులోనూ లేదు. దేవతల కొండ ఒలింపస్ మీద ఆయన కంచు ఇంట్లో ఉంది. ఆయన చెప్పగానే ఇరవై తిత్తులు వాటంతటవే ఊదడం మొదలుపెడతాయి. పనిని బట్టి ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా గాలి కొడతాయి. రాగి, తగరం, బంగారం, వెండి నిప్పులో పడతాయి. దాగలి దిమ్మె మీదికెక్కుతుంది. ఒక చేతిలో సమ్మెట, ఇంకో చేతిలో పట్టకారు.

కవి తిత్తులతో మొదలుపెట్టడంలో పనితనం తెలిసిన చూపు ఉంది. రాగి కరగడానికి 1,085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మామూలు కట్టెల మంట అంత వేడిని అందుకోలేదు. బొగ్గు కావాలి, ఆ బొగ్గుకు ఆగకుండా గాలి అందాలి. తిత్తి ఆగితే నిమిషాల్లో వేడి పడిపోయి, మూసలోని లోహం గడ్డకట్టడం మొదలవుతుంది. సహాయకుడు లేకుండానే ఊదే తిత్తి ఏ కంసాలికైనా, కమ్మరికైనా కలలో కోరిక. దేవుడి కొలిమిలో అదే ఉంది.

ఆయన కుంటితనం గురించి ఒక భౌతిక వివరణ ఉంది. తగరం దొరకని తొలి కంచుయుగంలో రాగికి గట్టిదనం ఆర్సెనిక్ వల్ల వచ్చేది. దాన్ని కరిగించినప్పుడు లేచే తెల్లటి పొగను ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. కాళ్లలో పట్టు తప్పుతుంది. ఆ జ్ఞాపకమే కుంటి దేవుడిగా మిగిలిందన్నది ఊహ. ఇంకో వాదన ప్రకారం యుద్ధానికీ సేద్యానికీ పనికిరాని కుంటివాళ్లు కొలిమి దగ్గర స్థిరపడేవాళ్లు. రెండింటికీ నేరుగా రుజువు లేదు. ఇలియడ్ మాత్రం ఈ విషయంలో రెండు కథలు చెబుతుంది. మొదటి సర్గలో దేవతల రాజు జ్యూస్ విసిరేస్తే, రోజంతా పడుతూ పడుతూ పొద్దుగూకే వేళకు లెమ్నోస్ దీవిలో పడ్డాడు. 18వ సర్గలో కుంటి బిడ్డను చూడలేక తల్లి హేరాయే సముద్రంలోకి తోసేసింది.

లెమ్నోస్: అగ్నిపర్వతం లేని అగ్నిదీవి

ఈజియన్ సముద్రపు ఉత్తర భాగంలోని లెమ్నోస్ హెఫాయిస్టస్ ఆరాధనకు పాత కేంద్రం. అక్కడి ముఖ్య పట్టణం పేరే హెఫాయిస్టియా. ప్రాచీన కవులు ‘లెమ్నోస్ నిప్పు’ అని రాశారు. మోసిక్లోస్ అనే కొండ మండేదన్నారు. అందువల్ల అక్కడ అగ్నిపర్వతం ఉండేదని చాలా పుస్తకాలు రాసేశాయి.

భూగర్భశాస్త్రం ఇందుకు ఒప్పుకోదు. లెమ్నోస్‌లో అగ్నిపర్వత శిలలు ఉన్నమాట నిజమే కానీ వాటి వయసు దాదాపు రెండు కోట్ల ఏళ్లు. మనిషి చూసిన కాలంలో అక్కడ ఏదీ పేలలేదు. క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ ఆ దీవికి స్వయంగా వెళ్లి, ఆ కొండ రంగు కాలినట్టుందని, మీద ఏమీ మొలవదని, హెఫాయిస్టస్ కథ అందుకే పుట్టి ఉంటుందని రాశాడు. ఆయన వెళ్లింది అక్కడి మందుమట్టి కోసం. పూజారిణి ఆ స్థలంలో గోధుమలు, బార్లీ చల్లి, ఒక బండెడు ఎర్రమట్టి పట్టణానికి తెచ్చేది. నీళ్లలో కలిపి, తేరనిచ్చి, రాళ్లూ ఇసుకా వదిలేసి, పైనున్న మెత్తని జిగురును ఆరబెట్టి, ఆర్టెమిస్ దేవత ముద్ర వేసేది. పాముకాటుకు, పుండ్లకు వాడే ఆ బిళ్లలు గేలెన్ 20,000 కొని పట్టుకెళ్లాడు.

లెమ్నోస్‌లో ఏటా తొమ్మిది రోజులు దీవి అంతటా నిప్పు ఆర్పేసే ఆచారం కూడా ఉండేది. కొత్త నిప్పు డెలోస్ దీవి నుంచి ఓడలో రావాలి. కర్మకాండ ముగియకముందే ఓడ వస్తే రేవులోకి రానిచ్చేవాళ్లు కాదు. సముద్రంలోనే తిరుగుతూ ఉండాలి. వచ్చిన నిప్పును ఇంటి అవసరాలకూ, నిప్పుతో పనిచేసే చేతిపనులకూ పంచేవాళ్లు. దీవిలో నిజంగా ఆరని మంట ఉండి ఉంటే నిప్పు కోసం ఓడను పంపాల్సిన అవసరమేముంది?

అగ్నిపర్వతం కాకపోయినా నేలలోంచి మంట వచ్చే చోటు వేరే ఉంది. టర్కీ దక్షిణ తీరంలో, ప్రాచీన ఒలింపోస్ పట్టణానికి దగ్గర, యనర్తాష్ అనే కొండవాలు. ప్రాచీనులు కిమైరా అన్నది ఈ చోటునే. రాతి పగుళ్లలోంచి మీథేన్, కొంత హైడ్రోజన్ పైకి ఊరుతూ నిత్యం మండుతుంటాయి. భూమి లోపలి ఒక రకం శిల నీటితో కలిసి మారుతున్నప్పుడు ఈ వాయువులు పుడతాయి. దీనికి మాగ్మాతో, అంటే భూమి లోపల కరిగిన శిలతో, పనిలేదు. ఆ మంటల కిందనే హెఫాయిస్టస్ గుడి శిథిలాలు ఉన్నాయి. ఆ పట్టణానికి ఆయనే ప్రధాన దైవం.

దీనికి సరిజోడు మన దేశంలోనే ఉంది. హిమాచల్‌లోని కాంగ్రా జ్వాలాముఖి ఆలయంలో రాతి సందుల్లో వెలిగేది సహజవాయువే. అక్కడ అగ్నిపర్వతం లేదు. అయినా హిందీలో అగ్నిపర్వతానికి ‘జ్వాలాముఖి’ అనే మాటే స్థిరపడింది. దేవత పేరు, మంట, పర్వతం కలిసిపోవడం గ్రీసులో మాత్రమే జరిగిన పని కాదన్నమాట.

ఎట్నా కింద ఉన్నది దేవుడు కాదు

గ్రీకులు నిజంగా మండే పర్వతాన్ని దగ్గర నుంచి చూసింది సిసిలీలో వలసలు ఏర్పరచుకున్నాక. ఎట్నాను చూసి వాళ్లు మొదట తలచుకున్నది హెఫాయిస్టస్‌ను కాదు, టైఫన్‌ను. జ్యూస్ మీద తిరగబడి ఓడిన వంద తలల రాక్షసుడు అతను. పర్వతం అతని మీద మోపిన బరువు. కదిలితే భూకంపం, బుసకొడితే లావా. క్రీ.పూ. 470లో కవి పిండార్ సిరక్యూజ్ పాలకుడు హియెరోన్ కోసం రాసిన గీతంలో ఎట్నా పగలు పొగ నదులు కక్కుతుంది, రాత్రి ఎర్రటి జ్వాల బండరాళ్లను సముద్రం దాకా దొర్లిస్తుంది. ఇది అప్పటికి కొన్నేళ్ల కిందటి విస్ఫోటనం జ్ఞాపకంలా ఉంది. చరిత్రకారుడు థూసిడిడీస్ క్రీ.పూ. 425 నాటి ఎట్నా విస్ఫోటనం గురించి చెబుతూ, అంతకు ముందుది 50 ఏళ్ల కింద జరిగిందని, గ్రీకులు వచ్చాక మొత్తం మూడే జరిగాయని లెక్క చెప్పాడు.

ఈ కథలో తర్కం గమనించదగ్గది. కొలిమి అయితే రోజూ పనిచేయాలి. యాభై ఏళ్లకోసారి విరుచుకుపడేది పని కాదు, తిరుగుబాటు. అందుకే ఎట్నాకు రాక్షసుడు అతికాడు.

గ్రీకులు రాకముందు నుంచీ అక్కడున్న సికెల్ ప్రజలకు సొంత దేవుళ్లు ఉన్నారు. ఎట్నా పాదం దగ్గర అద్రానోస్ అనే దేవుడి గుడిలో వెయ్యి కుక్కలు కాపలా ఉండేవని ప్రాచీనులు రాశారు. నేటి అద్రానో పట్టణానికి ఆ పేరే. ఎట్నాకు దక్షిణాన, మినేయో దగ్గర, పాలికి అనే కవల దేవుళ్ల మడుగులు ఉండేవి. వివాదం తేలనప్పుడు అక్కడ ప్రమాణం చేయించేవాళ్లు. అబద్ధమాడినవాడికి చూపు పోతుందని నమ్మకం. హింసించే యజమాని నుంచి పారిపోయిన బానిసకు అదే ఆశ్రయం. బాగా చూసుకుంటానని యజమాని ప్రమాణం చేస్తే తప్ప బానిసను తీసుకెళ్లనిచ్చేవాళ్లు కాదు. మడుగు కుతకుతలాడేది వేడి వల్ల కాదు, లోపలి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వల్ల. గాలి కంటే బరువైన ఆ వాయువు నేలబారున పేరుకుంటుంది. నిలబడితే ఫరవాలేదు, నీటి మీదికి వంగితే ఊపిరాడదు. ప్రమాణానికి అంతకంటే భయపెట్టే చోటు దొరకదు.

కొలిమి దీవికి చేరిన తీరు

సిసిలీకి ఉత్తరాన లిపారి దీవుల గుంపు ఉంది. అందులో దక్షిణపు దీవిని గ్రీకులు ‘హియెరా’ అన్నారు. పవిత్ర దీవి అని అర్థం. నేటి పేరు వుల్కానో. క్రీ.పూ. 427 చలికాలంలో ఏథెన్స్ నౌకలు ఈ దీవుల మీద దాడి చేసిన సందర్భం చెబుతూ థూసిడిడీస్ ఒక్క వాక్యంలో విషయం తేల్చేశాడు: హియెరాలో హెఫాయిస్టస్ కమ్మరిపని చేస్తాడని అక్కడివాళ్లు నమ్ముతారు, ఎందుకంటే అక్కడ రాత్రి మంట, పగలు పొగ కనిపిస్తాయి. నమ్మకాన్నీ దానికి కారణాన్నీ ఇలా పక్కపక్కన పెట్టిన ప్రాచీన వాక్యాలు చాలా తక్కువ.

ఎట్నాకు అతకని కొలిమి ఇక్కడ ఎందుకు అతికింది? ఈ దీవుల పని నిత్యం జరిగేది. పొరుగున ఉన్న స్ట్రాంబోలి గంటకు చాలాసార్లు చిన్న చిన్న పేలుళ్లతో ఎగదన్నుతుంది. వుల్కానో బిలం అంచున ఆవిరి రంధ్రాలు తిత్తుల్లా బుసకొడతాయి, గంధకం పసుపు పూతలా పేరుకుంటుంది. మధ్యమధ్య లోపలి దెబ్బలు సమ్మెట పోటుల్లా వినిపిస్తాయి. కొలిమి ఉన్న ఊళ్లో పెరిగినవాడికి ఇంకో పోలిక తట్టదు. ఇనుప ముద్దనూ కూలినీ అక్కడ వదిలి వస్తే మర్నాటికి కత్తి తయారుగా ఉండేదని ఒక పాత కథ. లిపారి నాణేల మీద సుత్తి పట్టుకుని కూర్చున్న హెఫాయిస్టస్ కనిపిస్తాడు.

నావికులకు ఆ దీవి పంచాంగంలా కూడా పనికొచ్చింది. భూగోళ రచయిత స్ట్రాబో పాత రచన ఆధారంగా చెప్పిన వివరాలివి: అప్పట్లో దీవిలో మూడు బిలాలు, అన్నింటికంటే పెద్దదాని చుట్టుకొలత ఐదు స్టాడియాలు, అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ. దక్షిణ గాలి వచ్చే ముందు దీవి చుట్టూ మబ్బులాంటి మసక దిగి సిసిలీ కూడా కనిపించదు. ఉత్తర గాలికి ముందు మంటలు స్వచ్ఛంగా పైకి లేస్తాయి, గర్జన పెరుగుతుంది. ఇది ఉత్త మూఢనమ్మకమని తోసేయడానికి లేదు. తేమ ఎక్కువున్న దక్షిణ గాలిలో ఆవిరి చిక్కబడి కమ్ముకుంటుంది, పొడి గాలిలో పలచబడుతుంది. గాలుల రాజు అయోలస్ నివాసం ఈ దీవుల్లోనే అన్న కథకూ ఇదే మూలం కావచ్చు.

రోమన్లు సిసిలీని గెలుచుకున్నాక హెఫాయిస్టస్ దీవి వల్కన్ దీవి అయింది. ఇద్దరినీ ఒకరిగా చూడటం అంతకు చాలా ముందే మొదలైంది. క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు కుండపెంకు ఒకటి, హెఫాయిస్టస్ బొమ్మతో, వల్కన్ పాత బలిపీఠం పరిసరాల్లోనే దొరికింది.

గాదెల పండుగ

వల్కన్ పండుగ వోల్కనాలియా ఆగస్టు 23న. క్యాలెండర్‌లో దాని ఇరుగుపొరుగు చూస్తే ఆ దేవుడి అసలు పని తెలుస్తుంది. ఆగస్టు 21న దాచిన ధాన్యానికి దేవుడైన కోన్సస్ పండుగ, 25న సమృద్ధి దేవత ఓప్స్ పండుగ. అంటే పంట ఇంటికి చేరింది, గాదెలు నిండాయి, నెలల తరబడి వాన లేదు, గడ్డి ఎండి ఉంది. ఒక్క నిప్పురవ్వ పడితే ఏడాది తిండి బూడిద. రోమ్ ధాన్యం దిగే రేవు ఓస్టియాలో అందరికంటే పెద్ద పూజారి పదవి వల్కన్‌దే కావడానికి కారణం ఇదే అనిపిస్తుంది.

పండుగ రోజు టైబర్ నదిలో పట్టిన చిన్న చేపలను బతికుండగానే నిప్పులో వేసేవాళ్లు. మనుషుల ప్రాణాలకు బదులుగా ఇవి తీసుకో అన్నది భావం. మామూలుగా నిప్పుకు అందనివి నీటిలోని ప్రాణులే కాబట్టి, అవే దానికి అరుదైన కానుక. వల్కన్‌తోపాటు ‘స్టాటా మాతెర్’ అనే దేవతనూ కొలిచేవాళ్లు. మంటను నిలిపేసే తల్లి అని ఆ పేరుకు అర్థం.

క్రీ.శ. 64 జూలైలో రోమ్ తొమ్మిది రోజులు కాలింది. నగరంలోని 14 వార్డుల్లో నాలుగే క్షేమంగా మిగిలాయి. అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లోనే ఏడు దళాల అగ్నిమాపక కాపలాను పెట్టాడు, అయినా అంత మంటను ఆపలేకపోయారు. తర్వాత డొమీషియన్ చక్రవర్తి మొక్కు తీర్చి బలిపీఠాలు కట్టించాడు. క్విరినల్ గుట్ట మీది శాసనం ఏటా వోల్కనాలియా నాడు ఎర్ర దూడను, మగ పందిని బలివ్వాలంటుంది. దాంతోపాటు ఆ ఆవరణలో ఇల్లు కట్టకూడదు, వ్యాపారం పెట్టకూడదు, చెట్టు నాటకూడదు అంటుంది. కిక్కిరిసిన నగరంలో మంట దూకకుండా ఖాళీ జాగా ఉంచడం ఇది. మొక్కు, మునిసిపల్ నిబంధన ఒకే రాతి మీద ఉన్నాయి.

వెసూవియస్ తేదీ చిక్కు

క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది వోల్కనాలియా మర్నాడేనని, వల్కన్ ఆగ్రహించాడని ఒక కథనం తరచూ వినిపిస్తుంది. ఆ విస్ఫోటనాన్ని చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరం రాతప్రతుల్లో తేదీ ఆగస్టు 24 అని ఉండటం దీనికి ఆధారం. కానీ ఆ బూడిదలో పూడిపోయిన పాంపేయి నగరంలో శరదృతువు పండ్ల అవశేషాలు దొరికాయి. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాతలో అక్టోబరు 17కు సరిపడే తేదీ కనిపించింది. అందులో సంవత్సరం లేదు కాబట్టి అదొక్కటే వివాదాన్ని తేల్చదు.

తేదీ ఏదైనా అసలు లోపం వేరేచోట ఉంది. పేలక ముందు వెసూవియస్ వల్కన్ కొండ కాదు. కాపువాలో దొరికిన శాసనం దాన్ని రోమన్ల దేవతల రాజు జూపిటర్ పేరుతో కలుపుతుంది. పాంపేయిలోని ఒక కుడ్యచిత్రంలో ద్రాక్షతోటల వెసూవియస్ పక్కన ద్రాక్షపండ్లు ఒంటినిండా కప్పుకున్న మద్యం దేవుడు బాకస్ ఉన్నాడు. పైభాగం ఒకప్పుడు కాలి, ఇంధనం అయిపోయి ఆరిపోయినట్టుందని స్ట్రాబో ముందే గుర్తించాడు. కానీ బానిసల తిరుగుబాటు నాయకుడు స్పార్టకస్ క్రీ.పూ. 73లో దాక్కున్న కొండను జనం భయపడే చోటుగా చూడలేదు. ప్లినీ ఉత్తరాల్లో ఆ రాత్రి కొందరు దేవుళ్లకు చేతులెత్తారు, ఇంకా ఎక్కువమంది దేవుళ్లే లేరన్నారు. వల్కన్ పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు. అదే తీరంలో వల్కన్‌కు దక్కిన చోటు పొజ్జువోలి దగ్గరి గంధకపు మైదానం. నిత్యం ఆవిరి చిమ్మే ఆ చోటును ‘హెఫాయిస్టస్ సంత’ అన్నారు. ఇక్కడా అదే సూత్రం: ఎప్పుడూ పొగలేచే చోటే కొలిమి.

దీవి పేరు శాస్త్రంలోకి

కాలక్రమంలో ఆ దీవి పేరు మండే కొండలన్నింటికీ పాకి, ఇతర యూరప్ భాషల్లోకి చేరింది. 1888 ఆగస్టు 3న వుల్కానో మళ్లీ పేలింది. 1890 మార్చి వరకు ఆగలేదు. అప్పట్లో దీవిలో గంధకం, పటిక తీస్తున్న స్కాట్లండ్ యజమాని జేమ్స్ స్టీవెన్సన్ గనులు నాశనమయ్యాయి. ఆ విస్ఫోటనాన్ని గమనించిన అగ్నిపర్వత శాస్త్రవేత్త జ్యుసెప్పె మెర్కల్లి ఆ రకం పేలుళ్లకు ‘వల్కేనియన్’ అని పేరు పెట్టాడు. జిగటైన మాగ్మా గడ్డకట్టి గొంతుకు బిరడాలా పడుతుంది. కింద వాయువు పేరుకుని, ఒత్తిడి భరించలేనంత అయ్యాక బిరడాను పగలగొట్టి తన్నుకొస్తుంది. ఎగిరిపడిన ముద్దలు పైన గట్టిపడి, లోపల ఇంకా ఉబ్బుతూ, కాల్చిన రొట్టె పెచ్చులా పగుళ్లు తేలతాయి.

ఆ తర్వాత వుల్కానో పేలలేదు, కానీ ఊపిరి ఆగలేదు. 2021లో బిలం దగ్గర వేడి, వాయువులు పెరగడంతో నవంబరులో రేవు ప్రాంతంలో రాత్రి నిద్ర నిషేధించారు. భయం లావా గురించి కాదు. పల్లపు ఇళ్లలో, నిద్రపోయేవాళ్ల మంచాల ఎత్తున చప్పుడు లేకుండా పేరుకునే కార్బన్ డయాక్సైడ్ గురించి. పాలికి మడుగు దగ్గర ప్రమాణం చేసేవాళ్లను భయపెట్టిన వాయువు అదే.